ఇంకా రాని కితాబు కోసం ఎదురుచూపు: యంగ్ అడల్ట్ నవలలు, మన పిల్లలు

టెన్త్, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త మాట వినపడుతోంది. "అబ్బా, ఒక కితాబు ప్రీఆర్డర్ చెయ్యాలి. ఇంకా రాలేదు, రెండు నెలల్లో వస్తుంది." అబ్బాకు ఆశ్చర్యం. రాని పుస్తకానికి ఇప్పుడే పైసలెందుకు కట్టాలి? అందులో ఏముందో ఎవరు చూశారు? అమ్మీది ఇంకో ఫికర్. అట్ట మీద అమ్మాయి, అబ్బాయి బొమ్మ ఉంది, లోపల ఏం రాశారో!

రెండు ప్రశ్నలూ సరైనవే. పిల్లలు అడిగేది ఎక్కువగా 'యంగ్ అడల్ట్' నవలలు. క్లుప్తంగా 'వైఏ' అంటారు. ఈ పుస్తకాలు ఏమిటి, ఎవరు రాస్తారు, వాటిలో ముస్లిం పిల్లలు ఎప్పటి నుంచి కనిపిస్తున్నారు, కొత్త పుస్తకం ఎలా మార్కెట్‌లోకి వస్తుంది, ఏ వయసుకు ఏది సరిపోతుంది, తెలుగులో పరిస్థితి ఏంటి? తల్లిదండ్రులకు, పిల్లలకు ఇద్దరికీ పనికొచ్చే వివరాలివి.

యంగ్ అడల్ట్ అంటే

అమెరికా లైబ్రరీల్లో 12 నుంచి 18 ఏళ్ల పాఠకులను 'యంగ్ అడల్ట్' అంటారు. అక్కడి లైబ్రరీల సంఘంలో ఈ వయసు వారి కోసం 1957లోనే ఒక విభాగం ఏర్పడింది. అంతకు ముందు చాలాచోట్ల పిల్లల పుస్తకాలు ఒక బీరువాలో, పెద్దల పుస్తకాలు ఇంకో బీరువాలో ఉండేవి. మధ్యలో ఉన్నవారికి ప్రత్యేకంగా చోటు తక్కువ.

ఆ చోటును నింపిన తొలి పుస్తకాల్లో ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' ముఖ్యమైనది. 1967లో వచ్చింది. పుస్తకం అచ్చయ్యేనాటికి రచయిత్రి వయసు 18 ఏళ్లే. టీనేజ్ వారి గురించి టీనేజ్ అమ్మాయే రాసింది కాబట్టి పిల్లలు నమ్మారు.

వైఏ నవలకు కొన్ని గుర్తులున్నాయి. ప్రధాన పాత్ర వయసు సాధారణంగా 14 నుంచి 18 మధ్య ఉంటుంది. కథ ఆ పాత్ర కళ్లతోనే నడుస్తుంది. ఇల్లు, స్కూలు, దోస్తులు, తొలి ప్రేమ, చావు, డబ్బు కష్టం, 'నేనెవరు' అనే ప్రశ్న, ఏదో ఒకటి మధ్యలో ఉంటుంది. దీనికంటే చిన్న వయసు వారి పుస్తకాలను, అంటే 8 నుంచి 12 ఏళ్ల వారివి, 'మిడిల్ గ్రేడ్' అంటారు. 18 దాటినవారికి రాసేవి ఈమధ్య 'న్యూ అడల్ట్' పేరుతో వస్తున్నాయి. ఈ మూడింటి తేడా తెలియకపోవడం వల్లే ఇళ్లలో సగం గొడవలు. దాని గురించి తర్వాత.

ఎదురుచూపు కొత్తేం కాదు

పుస్తకం కోసం రోజులు లెక్కపెట్టడం ఇవాళ్టి పిల్లలు కనిపెట్టింది కాదు. ఉర్దూ చదివే ఇళ్లలో దాదా, నానాలను అడిగితే ఇబ్నె సఫీ పేరు చెబుతారు. అసలు పేరు అస్రార్ అహ్మద్. 1952లో అలహాబాద్ నుంచి ఆయన 'జాసూసీ దునియా' మొదలుపెట్టారు. అదే ఏడాది కుటుంబంతో కరాచీ వెళ్లిపోయినా, నవలలు రెండు దేశాల్లోనూ వస్తూనే ఉన్నాయి. 1955లో 'ఇమ్రాన్ సిరీస్' తోడైంది. ఫరీదీ, హమీద్, ఇమ్రాన్ కథలను కాలేజీ కుర్రాళ్లు, స్కూలు పిల్లలు చేతులు మార్చుకుంటూ చదివారు.

1960లో ఇబ్నె సఫీ జబ్బుపడ్డారు. దాదాపు మూడేళ్లు కలం ఆగిపోయింది. 1963లో 'డేఢ్ మత్‌వాలే' నవలతో తిరిగొచ్చినప్పుడు పాఠకులు షాపుల మీద పడ్డారు. అప్పట్లో ప్రీఆర్డర్ లేదు, కవర్ రివీల్ లేదు. నెల నెలా షాపుకెళ్లి "ఆయాక్యా?" అని అడగడమే.

తెలుగు ఇళ్లలోనూ అంతే. చందమామ కోసం నెలంతా చూసేవారు. తర్వాత వారపత్రికల సీరియళ్లు, మధుబాబు 'షాడో' నవలలు. అద్దె లైబ్రరీలో పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కుని వాళ్లింటికే వెళ్లిన వాళ్లున్నారు. కాబట్టి పిల్ల "ఎప్పుడొస్తుంది" అని అడుగుతోందంటే చదివే అలవాటు పడినట్టే. అలవాటు లేని వాళ్లకు వచ్చిన పుస్తకమే పట్టదు, రాని పుస్తకం సంగతి సరేసరి.

తేడా ఒక్కటే. ఇబ్నె సఫీ కథల్లో పేర్లు మనవి, భాష మనది. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లల చేతికి వచ్చిన టీనేజ్ నవలల్లో చాలాకాలం అవి లేవు. ఆమినా, సల్మాన్ లాంటి పేరు వచ్చిందంటే పక్క పాత్ర, లేదా టెర్రరిస్టు.

ముస్లిం పిల్లలు హీరోలైన వరస

ఈ పరిస్థితి మారిన వరసను ఏళ్ల ప్రకారం చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

2005: ఆస్ట్రేలియా రచయిత్రి రందా అబ్దెల్ ఫత్తాహ్ నవల 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?' వచ్చింది. మెల్‌బోర్న్‌లో పేరున్న ప్రైవేటు స్కూలులో చదివే అమల్ అనే పాలస్తీనా మూలాల అమ్మాయి, ఇకపై హిజాబ్ వేసుకుంటానని తనకు తానే నిర్ణయించుకుంటుంది. ఎవరూ బలవంతం చెయ్యరు. అమ్మానాన్నలే ముందు కంగారుపడతారు. ఇందులో నవ్వు చాలా ఉంది. హిజాబ్ గురించి ఏడుపు కథ కాకుండా నవ్వించే కథ రావడం అప్పటికి అరుదు.

2014: మార్వెల్ కామిక్స్ 'మిస్ మార్వెల్'గా కమలా ఖాన్‌ను తెచ్చింది. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ అమెరికన్ అమ్మాయి. ఎడిటర్ సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్. మరుసటి ఏడాది ఈ కామిక్‌కు హ్యూగో అవార్డు వచ్చింది. 2022లో టీవీ సిరీస్‌గా కూడా వచ్చింది.

2016: అమెరికాలోని పెద్ద ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షుస్టర్, ముస్లిం పాత్రలున్న పిల్లల, టీనేజ్ పుస్తకాల కోసమే 'సలాం రీడ్స్' అనే విభాగం పెట్టింది. 2017లో తొలి పుస్తకాలు వచ్చాయి. హెనా ఖాన్ 'ఆమినాస్ వాయిస్', కరుణా రియాజీ 'ది గాంట్‌లెట్', ఎస్.కె. అలీ 'సెయింట్స్ అండ్ మిస్‌ఫిట్స్' అందులోవే.

ఈ మూడో పుస్తకం దగ్గర కాస్త ఆగాలి. జన్నా అనే హిజాబీ అమ్మాయి, తల్లిది ఒక దేశం, తండ్రిది ఇంకో దేశం, అమ్మానాన్నలు విడిపోయారు. మస్జిద్‌లో అందరూ మెచ్చుకునే ఒక కుర్రాడు ఆమె మీద చెయ్యి వేయబోతాడు. అతను ఖురాన్ బాగా చదువుతాడని పేరు. చెబితే ఎవరు నమ్ముతారు? నోరు విప్పాలా వద్దా అన్నదే కథ. సమాజం పరువు, అమ్మాయి నిజం ఎదురెదురుగా నిలబడినప్పుడు ఏది ముందు అని అడిగే నవల. దీనంత సూటిగా ఈ విషయం ఎత్తిన టీనేజ్ నవలలు తక్కువ. అయినా ఇది మస్జిద్‌ను తిట్టే పుస్తకం కాదు. జన్నాకు ధైర్యం చెప్పేవాళ్లు కూడా ఆ జమాత్‌లోని వాళ్లే.

2022: సబా తాహిర్ 'ఆల్ మై రేజ్' నవలకు అమెరికా నేషనల్ బుక్ అవార్డు దక్కింది. మరుసటి ఏడాది వైఏ సాహిత్యానికి ఇచ్చే ప్రింట్జ్ అవార్డు కూడా దీనికే వచ్చింది. కాలిఫోర్నియా ఎడారిలో ఒక చిన్న ఊరు. లాహోర్ నుంచి వచ్చిన కుటుంబం నడిపే మోటెల్. కొడుకు సలాహుద్దీన్, అతని దోస్తు నూర్. తల్లికి జబ్బు, తండ్రికి తాగుడు, మోటెల్ మీద అప్పు. రచయిత్రి కూడా అలాంటి ఎడారి ఊళ్లో, తల్లిదండ్రుల మోటెల్‌లోనే పెరిగారు. బిల్లు కట్టలేని ఇంట్లో పిల్లాడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఈ పుస్తకంలో ఉంది.

ఇప్పుడు చదవదగ్గవి, కాస్త విడివిడిగా

అన్నీ బాధ కథలే అనుకోవద్దు. వైఏలో చాలా రకాలున్నాయి.

నవ్వు కావాలంటే హుదా ఫహ్మీ బొమ్మల నవల 'హుదా ఎఫ్ ఆర్ యు?' (2021) తీసుకోవచ్చు. హుదా కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు మారుతుంది. పాత ఊళ్లో ఆమె ఒక్కతే హిజాబీ, అందరికీ గుర్తుండేది. కొత్త స్కూలులో ఎటు చూసినా హిజాబీలే. మరి ఇప్పుడు తన గుర్తింపు ఏంటి? హైదరాబాద్ పాతబస్తీలోనో కర్నూలులోనో గర్ల్స్ కాలేజీలో చదివే అమ్మాయికి ఈ జోక్ వెంటనే అర్థమవుతుంది. దీని తర్వాతి భాగం 'హుదా ఎఫ్ కేర్స్?' 2023లో నేషనల్ బుక్ అవార్డు తుది జాబితా దాకా వెళ్లింది.

ప్రేమ కథ, అదీ హద్దుల్లో ఉండేది కావాలంటే ఎస్.కె. అలీ 'లవ్ ఫ్రమ్ ఎ టు జెడ్' (2019). ముస్లింలను కించపరిచే టీచర్‌ను ఎదిరించి స్కూలు నుంచి సస్పెండైన జైనబ్, జబ్బును ఇంట్లో దాచిపెట్టిన ఆడం, ఇద్దరూ దోహాలో కలుస్తారు. తర్వాతి పుస్తకం 'లవ్ ఫ్రమ్ మక్కా టు మదీనా' (2022)లో నికా అయ్యాక ఉమ్రాకు వెళ్తారు. టీనేజ్ నవలలో ఉమ్రా ప్రయాణం కథగా రావడం చాలామందికి కొత్త.

యుద్ధం, ఇల్లు విడిచి వెళ్లడం గురించి అయితే జుల్ఫా కతూహ్ 'యాజ్ లాంగ్ యాజ్ ది లెమన్ ట్రీస్ గ్రో' (2022). సిరియాలోని హోమ్స్‌లో ఫార్మసీ చదువుతూ, డాక్టర్లు లేక ఆసుపత్రిలో గాయాలు కుట్టే పనికి దిగిన సలామా కథ.

ఊహా లోకం కథలు ఇష్టపడే వారికి సబా తాహిర్ 'యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్' సిరీస్, హఫ్సా ఫైజల్ 'వి హంట్ ది ఫ్లేమ్' (2019), తాహెరే మాఫీ 'దిస్ వోవెన్ కింగ్‌డమ్' (2022) ఉన్నాయి. కత్తియుద్ధాలు, జిన్నులు, ఎడారులు, పాత అరబ్, పర్షియా రుచి ఉన్న కథలు.

మన దేశంలో రాస్తున్నవి

బెంగళూరు రచయిత్రి అందలీబ్ వాజిద్ పేరు ఇక్కడ ముందు చెప్పాలి. పదుల సంఖ్యలో నవలలు రాశారు. దక్షిణాది ముస్లిం ఇళ్లు, వంటిళ్లు, షాదీ గొడవలు, చుట్టాలు వాటిలో కనిపిస్తారు. 'అస్మారాస్ సమ్మర్' (2016)లో డబ్బున్న ఇంటి అమ్మాయి సెలవుల్లో బెంగళూరు టానరీ రోడ్డులో నానీ ఇంట్లో ఉండాల్సి వస్తుంది. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి, విదేశం వెళ్లానని దోస్తులకు అబద్ధం చెబుతుంది. 2024లో ఇది 'దిల్ దోస్తీ డైలమా' పేరుతో వెబ్ సిరీస్ అయింది. అదే ఏడాది వచ్చిన 'ది హెన్నా స్టార్టప్'లో, మెహందీ పెట్టి సంపాదించే తల్లికి న్యాయంగా డబ్బు రావాలని కూతురు అబీర్ ఒక యాప్ తయారుచెయ్యడానికి పూనుకుంటుంది. సీజన్‌లో చేతులు నొప్పెట్టేదాకా మెహందీ పెట్టి, చివర్లో బేరమాడించుకునే ఆడవాళ్లు ప్రతి మొహల్లాలో ఉన్నారు. ఈ కథ వాళ్లింటి పిల్లలకు చెప్పక్కర్లేదు.

'ది హెన్నా స్టార్టప్'ను వేసిన డక్‌బిల్ సంస్థ 2012లో మొదలైంది. ఇప్పుడు పెంగ్విన్ రాండమ్ హౌస్ ఇండియాలో భాగం. మన దేశంలో పిల్లల, టీనేజ్ ఇంగ్లిష్ పుస్తకాలకు ఇది ముఖ్యమైన చోటు. పారో ఆనంద్ కూడా టీనేజ్ పాఠకులకు చాలాకాలంగా రాస్తున్నారు. కశ్మీర్ కుర్రాడి కథ 'నో గన్స్ ఎట్ మై సన్స్ ఫ్యునరల్' ఆమెదే.

1947 విభజన గురించి 10, 12 ఏళ్ల పిల్లలకు చెప్పాలంటే వీరా హిరానందానీ 'ది నైట్ డైరీ' (2018) మంచిది. తండ్రి హిందువు, చనిపోయిన తల్లి ముస్లిం. ఆ 12 ఏళ్ల పిల్ల నిషా, తల్లికి డైరీలో ఉత్తరాలు రాస్తుంది. 2019లో దీనికి న్యూబరీ ఆనర్ దక్కింది.

రాని పుస్తకానికి పైసలెందుకు

ఇప్పుడు అబ్బా ప్రశ్నకు జవాబు. పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒక కొత్త నవల ఇలా బయటికొస్తుంది.

మొదట ఒప్పందం ప్రకటిస్తారు. చాలాసార్లు పుస్తకం చేతికి రావడానికి ఏడాది, రెండేళ్ల ముందే. తర్వాత 'కవర్ రివీల్', అంటే అట్ట బొమ్మ విడుదల. ఆ తర్వాత విమర్శకులకు, లైబ్రేరియన్లకు, పుస్తకాల గురించి వీడియోలు చేసేవారికి ముందస్తు కాపీలు ఉచితంగా పంపుతారు. వీటిని 'ఏఆర్‌సీ' అంటారు. అవి అమ్మకానికి కావు, తప్పులు ఇంకా దిద్దరు. చివరికి విడుదల రోజు. అమెరికాలో ఎక్కువగా మంగళవారం, బ్రిటన్‌లో గురువారం. అక్కడ ముందు గట్టి అట్ట పుస్తకం వస్తుంది. పేపర్‌బ్యాక్ సుమారు ఏడాది తర్వాత.

ప్రీఆర్డర్ ఎందుకంటే, ముందుగా బుక్ చేసిన కాపీలన్నీ సాధారణంగా తొలి వారం అమ్మకాల్లో లెక్కకొస్తాయి. తొలి వారం అంకె పెద్దదైతే బెస్ట్‌సెల్లర్ జాబితాలో చోటు దొరుకుతుంది. ఎన్ని కాపీలు అచ్చెయ్యాలో సంస్థకు అంచనా వస్తుంది. అమ్ముడుపోని కాపీలను షాపులు వెనక్కి పంపే పద్ధతి ఉంది కాబట్టి, డిమాండ్ కనబడని పుస్తకాన్ని ఎక్కువ వెయ్యరు. రచయితకు ముందు అడ్వాన్స్ ఇస్తారు. ఆ మొత్తం రాయల్టీతో తీరాకే అదనంగా డబ్బు వస్తుంది. మొదటి పుస్తకం అంకెలు బాగోకపోతే రెండో పుస్తకానికి ఒప్పందం కష్టం. కొత్తగా రాస్తున్న ముస్లిం రచయితల విషయంలో ఈ లెక్క ఇంకా గట్టిగా పనిచేస్తుంది. "ఇలాంటి పుస్తకాలు ఎవరు కొంటారు" అనే మాటకు అమ్మకాల కాగితమే జవాబు.

వాట్సాప్, టెలిగ్రామ్‌లో తిరిగే దొంగ పీడీఎఫ్ ఈ లెక్కలో ఎక్కడా రాదు. పిల్ల ఆ పుస్తకాన్ని ఎంత ఇష్టపడి చదివినా, ప్రచురణ సంస్థ దృష్టిలో ఆ పాఠకురాలు లేదు. డబ్బు లేకపోతే లైబ్రరీ, సెకండ్ హ్యాండ్ షాపు, దోస్తు దగ్గర అప్పు, ఇవన్నీ సరైన దారులే.

అలాగని ప్రతి పుస్తకాన్నీ ముందే కొనాలని లేదు. ఇదివరకు ఆ రచయిత పుస్తకం ఒకటైనా చదివి నచ్చితే ప్రీఆర్డర్ చెయ్యొచ్చు. కొత్త పేరైతే విడుదలయ్యాక రెండు వారాలు ఆగి, నలుగురు ఏమంటున్నారో చూడటం మేలు. తొందర పడేలా చెయ్యడం కూడా అమ్మకంలో భాగమేనని పిల్లలకు చెప్పాలి.

సిరీస్‌లతో ఇంకో చిక్కు. సబా తాహిర్ 'ఎంబర్' సిరీస్ నాలుగు పుస్తకాలు 2015, 2016, 2018, 2020లో వచ్చాయి. మొదటిది 13 ఏళ్లకు చదివిన పిల్ల, చివరిది చదివేసరికి 18 ఏళ్ల అమ్మాయి. ఓపిక లేని వాళ్లకు పూర్తయిన సిరీస్ ఇవ్వడమే నయం.

అమ్మీ ప్రశ్న: లోపల ఏముంది

రచయిత పేరు ముస్లిందైనంత మాత్రాన పుస్తకం ప్రతి వయసుకూ సరిపోదు. 'ఆల్ మై రేజ్'లో మాదకద్రవ్యాలు, తాగుడు, ఇంట్లో హింస ఉన్నాయి. ఆ విషయం పుస్తకం మొదట్లోనే రాసి ఉంటుంది. ఇప్పుడు చాలా నవలల్లో ఇలాంటి సూచన ముందు పేజీల్లో ఇస్తున్నారు. కొనేముందు అది చూసుకోవాలి. 15, 16 ఏళ్లు దాటిన వారికి, పెద్దవాళ్లు పక్కన ఉండి మాట్లాడగలిగితే ఈ పుస్తకం చాలా ఉపయోగం. 12 ఏళ్ల పిల్లకు వద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. అట్ట చూస్తే వైఏలా ఉండే 'న్యూ అడల్ట్' ఫాంటసీలు షాపుల్లో ఒకే అరలో కనిపిస్తాయి. శారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో టీనేజ్ పుస్తకంగానే వచ్చింది. తర్వాత పెద్దల పుస్తకంగా కొత్త అట్టతో మార్చారు. లోపల పెద్దల దృశ్యాలున్నాయి. అట్ట వెనక వయసు రాసి ఉందా, ఏ విభాగం ప్రచురించింది అన్నది చూస్తే చాలావరకు తెలుస్తుంది. కామన్ సెన్స్ మీడియా లాంటి సైట్లు పుస్తకంలో హింస, భాష, ప్రేమ దృశ్యాలు ఎంత ఉన్నాయో వయసుతో సహా చెబుతాయి.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పుస్తకం లాక్కుంటే పిల్ల ఫోన్‌లో చదువుతుంది, అడగడం మానేస్తుంది. మొదటి 50 పేజీలు తల్లో తండ్రో చదివి, "ఈ జన్నా ఎందుకు చెప్పలేదు వాళ్లమ్మకి?" అని అడిగి చూడాలి. పిల్ల చెప్పే జవాబులో జన్నా సంగతే కాదు, తన సంగతి కూడా కొంత ఉంటుంది.

తెలుగులో ఏముంది, ఏం లేదు

ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలకు ఇప్పుడు ఎంచుకునేంత ఉంది. తెలుగు మీడియంలో చదివే పిల్లల సంగతే కష్టం. తెలుగు పుస్తకాల షాపుల్లో బాలసాహిత్యం అర ఉంటుంది, నవలల అర ఉంటుంది. 13 నుంచి 18 వరకు అని రాసిన అర సాధారణంగా కనబడదు.

అయినా ఖాళీగా ఏం లేదు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు జిల్లా ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లాడి కథలు. టీనేజ్ వారి కోసమని రాయకపోయినా, ఆ వయసు వాళ్లు నవ్వుతూ చదివేస్తారు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' ముస్లిం కథల సంకలనం ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇవ్వొచ్చు. 2008లో హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో పిల్లల పుస్తకాల వరసను తెలుగు, మలయాళం, ఇంగ్లిష్‌లలో తెచ్చింది. బడి పుస్తకాల్లో కనిపించని ఇళ్ల కథలవి. తలకాయ కూర వండే ముస్లిం ఇంటి కథ అందులో ఒకటి. అదీ ఖదీర్‌బాబు రాసిందే.

మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాలను తక్కువ ధరకు తెస్తోంది. అమెరికాలోని తానాతో కలిసి పిల్లల పుస్తకాల పోటీలు కూడా నడిపింది. ఉర్దూలో ఢిల్లీ ఉర్దూ అకాడమీ 'ఉమంగ్', జాతీయ ఉర్దూ మండలి 'బచ్చోం కీ దునియా' పత్రికలున్నాయి. ఇవి ఎక్కువగా చిన్న పిల్లలకు.

లేనిది ఏంటంటే, గుంటూరులోనో ఖమ్మంలోనో ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుతూ పెరిగే 16 ఏళ్ల అమ్మాయి హీరోగా, ఆ వయసు వాళ్ల కోసమే రాసిన తెలుగు నవల. కాలేజీ గేటు దగ్గర హిజాబ్ గొడవ, నీట్ కోచింగ్ ఫీజు, గల్ఫ్‌లో ఉన్న అబ్బా వీడియో కాల్, షాదీ సంబంధం, చదువు, అన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి. పైన చెప్పిన ఇంగ్లిష్ నవలల తెలుగు అనువాదాలు చేతికి అందే పరిస్థితి కూడా లేదు. పదేళ్ల కింద అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ ఇలాంటి పుస్తకాల కోసమే విభాగం పెట్టడంతో అక్కడ కొత్త రచయితలకు దారి దొరికింది. తెలుగులో రాయగల ముస్లిం యువత ఉంది, కథల పోటీల్లో వాళ్ల పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. నవలగా వెయ్యడానికి ఒక సంస్థ, కొనడానికి కొన్ని వందల ఇళ్లు కావాలి.

ఎక్కడ దొరుకుతాయి

విదేశీ వైఏ పేపర్‌బ్యాక్ ధర తరచూ రూ.500 చుట్టూ ఉంటుంది. డక్‌బిల్ లాంటి భారతీయ సంస్థల పుస్తకాలు దానికంటే తక్కువ. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లిష్ టీనేజ్ నవలలు బాగానే దొరుకుతాయి. ఏటా జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలుగు పుస్తకాలన్నీ ఒకేచోట చూడొచ్చు. కొత్తవి ఏవి మంచివో తెలియాలంటే ప్రింట్జ్, నేషనల్ బుక్ అవార్డు జాబితాలు, మన దేశంలో నీవ్ బుక్ అవార్డు యంగ్ అడల్ట్ విభాగం, సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం చూస్తే చాలు. ఈ పురస్కారం తెలుగు, ఉర్దూలకు కూడా ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

10 నుంచి 12 ఏళ్లు: 'ఆమినాస్ వాయిస్', 'ది నైట్ డైరీ'. ఎస్.కె. అలీ, ఆయిషా సయీద్ కలిసి కూర్చిన ఈద్ కథల పుస్తకం 'వన్స్ అపాన్ యాన్ ఈద్' (2020) కూడా. ఈద్‌కు ఈదీతో పాటు ఇవ్వడానికి బాగుంటుంది.

12 నుంచి 14: 'హుదా ఎఫ్ ఆర్ యు?', 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?', తెలుగులో 'దర్గామిట్ట కతలు'.

14 నుంచి 16: 'ది హెన్నా స్టార్టప్', 'లవ్ ఫ్రమ్ ఎ టు జెడ్', 'సెయింట్స్ అండ్ మిస్‌ఫిట్స్'. చివరిది అమ్మీ కూడా చదవాలి.

16 పైన: 'యాజ్ లాంగ్ యాజ్ ది లెమన్ ట్రీస్ గ్రో', 'ఆల్ మై రేజ్', తెలుగులో 'జుమ్మా', 'వతన్'.

వీటిలో ఒకటి చదివాక "ఈ రచయిత్రిది ఇంకోటి ఎప్పుడొస్తుంది?" అని పిల్ల అడిగితే, అబ్బా ఇక ఆశ్చర్యపోనక్కర్లేదు. తేదీ చూసి క్యాలెండర్‌లో రాసుకుంటే సరిపోతుంది.